కొలతకు పూచీ ఎవరిది? ప్రయోగ భౌతికశాస్త్రంలో సీనియర్ ఆచార్యుల పాత్ర

గుంటూరు, విజయవాడల నడుమ ఉన్న ఏ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనైనా ఎదురుకాగల సందర్భమొకటి ఉంది. పరిశోధక విద్యార్థి ఒక సిరామిక్ బిళ్ళకు రెండు ముఖాలా వెండి పూత వేసి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచి, మళ్ళీ మెల్లగా వేడెక్కనిస్తూ దాని రోధక స్థిరాంకాన్ని (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకెను) కొలుస్తాడు. 273 కెల్విన్‌ల దగ్గర గ్రాఫులో చిన్న మూపురం లేస్తుంది. ఇంతవరకు ఎవరూ గుర్తించని ప్రావస్థ మార్పు (పదార్థం ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం) తనకు దొరికిందన్న ఆనందంలో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. మరునాడు గ్రాఫు చూసిన సీనియర్ ఆచార్యులు ముందుగా పదార్థం సంగతి అడగరు. కొలిచే ముందు బిళ్ళను వేడిచేసి ఆరబెట్టారా, వాక్యూమ్ ఎంతవరకు వచ్చింది, చల్లబడేటప్పుడు కూడా ఆ మూపురం కనిపించిందా అని అడుగుతారు. 273 కెల్విన్‌లంటే మంచు కరిగే ఉష్ణోగ్రత. కృష్ణా డెల్టా గాలిలోని తేమ బిళ్ళ సందుల్లో చేరి, గడ్డకట్టి, తిరిగి కరిగినా గ్రాఫులో అలాంటి మూపురమే వస్తుంది. బిళ్ళను 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, వాక్యూమ్ సరిచేసి, మళ్ళీ కొలిస్తే అది మాయమైతే, విద్యార్థి కొలిచింది పదార్థాన్ని కాదు, ఊరి వాతావరణాన్ని.

ఆచార్యుల ఉద్యోగం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం ఈ చిన్న సంభాషణలోనే ఉంది. పాఠాలు, ప్రాజెక్టులు, కమిటీలు, పరిశోధన పత్రాల లెక్క, ఇవన్నీ ఆ హోదాతో వచ్చేవే. కానీ ప్రయోగ భౌతికశాస్త్రంలో మరెవరూ చేయలేని పని ఒకటి ఆ కుర్చీలో ఉన్నవారికి మిగులుతుంది. తన ప్రయోగశాల నుంచి బయటికి వెళ్ళే ప్రతి అంకెకూ పూచీపడడం, పూచీపడలేనప్పుడు మళ్ళీ కొలవమని చెప్పడం, అలా చెప్పగల మనుషుల్ని తయారుచేయడం ఆ పని. మిగిలినవన్నీ దీనికి సాధనాలు మాత్రమే.

నిబంధనల పుస్తకంలో ఈ మాట కనిపించదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసరు వారానికి 14 గంటలు, అసిస్టెంట్ ప్రొఫెసరు 16 గంటలు ప్రత్యక్షంగా బోధించాలి. ప్రొఫెసరుగా కనీసం 10 ఏళ్ళు పనిచేసినవారిని, మంజూరైన ప్రొఫెసరు పోస్టుల్లో 10 శాతానికి మించకుండా, సీనియర్ ప్రొఫెసర్లుగా నియమించుకోవచ్చు. ప్రొఫెసరు ఒకే కాలంలో గరిష్ఠంగా 8 మంది, అసోసియేట్ ప్రొఫెసరు 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించవచ్చు. ఈ అంకెలు పనిభారాన్ని చెబుతాయి. సాయంత్రం ఆరు దాటాక కొలిమి దగ్గర నిలబడి, ద్రవం రంగు చూసి ఇంకో పావుగంట ఆగమని చెప్పిన సమయం వీటిలో ఎక్కడా లెక్కకు రాదు.

ఆ కొలిమి దగ్గరే కాసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఈ ప్రాంతపు భౌతికశాస్త్ర విభాగాల్లో గాజు పదార్థాల పరిశోధన చాలాకాలంగా సాగుతోంది, అందులో నేర్చుకోవలసినదంతా చేతిపనిలోనే ఉంది. బోరిక్ ఆమ్లం, లోహ ఆక్సైడ్లు తూకం ప్రకారం తీసుకొని, అగేట్ కల్వంలో మెత్తగా నూరి, ప్లాటినం మూసలో పోసి, సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, ఆ ద్రవాన్ని ఇత్తడి అచ్చులో పోస్తే గాజు వస్తుందని వ్రాయడానికి ఒక వాక్యం చాలు. చేయడానికి చాలదు. బోరిక్ ఆమ్లం వేడికి నీటిని వదులుతూ నురగెత్తుతుంది. తొందరపడి వేడి పెంచితే పొంగి మూస అంచు దాటిపోతుంది, అంతటితో తూకం ప్రకారం కలిపిన నిష్పత్తి కూడా తప్పిపోతుంది. సీసపు ఆక్సైడ్ ఉన్న మిశ్రమంలో కాస్త బొగ్గు ధూళి చేరినా ఆక్సైడ్ లోహంగా మారి, ఆ సీసం ప్లాటినంతో కలిసి మూసకు చిల్లి పెడుతుంది. అచ్చు చల్లగా ఉంటే గాజు పగులుతుంది, మరీ వేడిగా ఉంటే స్ఫటికాలు కడుతుంది. పోసిన తరువాత లోపలి ఒత్తిళ్ళు తగ్గడానికి మరో కొలిమిలో కొన్ని గంటలు ఉంచి మెల్లగా చల్లార్చాలి. ఆ గంటల్లో కరెంటు పోతే మరునాటికి ముక్కలు మిగులుతాయి. పరిశోధన పత్రంలో ఇదంతా మూడు పంక్తులకు కుదించుకుపోతుంది. ఆ మూడు పంక్తుల వెనుక ఉన్నది మనిషి నుంచి మనిషికి, పక్కన నిలబడి చూస్తేనే అందుతుంది. సీనియర్ ఆచార్యుల విలువలో పెద్ద భాగం అదే.

ఇలా పక్కన నిలబడి నేర్చుకునే పరంపర ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1909లో అప్పటి కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం కలకత్తా వెళ్ళి చంద్రశేఖర వెంకట రామన్ దగ్గర పనిచేశారు. రామన్ అప్పటికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసరు. 1928 ఫిబ్రవరి 28న వెల్లడించిన ఫలితంతో ప్రపంచమంతటికీ తెలిశారు. ఆ ఇద్దరూ కలిసి 1931లో, కాంతి పరిక్షేపణ కొలతల ఆధారంగా, కాంతి కణమైన ఫోటాన్‌కు భ్రమణం (స్పిన్) ఉందని చూపారు. తరువాత భగవంతం వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే. 1967లో గుంటూరు పక్కన నల్లపాడులో అదే విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం తెరిచింది, 1976లో అక్కడినుంచే నాగార్జున విశ్వవిద్యాలయం ఎదిగింది. కలకత్తా నుంచి వాల్తేరుకు, వాల్తేరు నుంచి గుంటూరుకు కొలత కొలిచే పద్ధతులు పుస్తకాలతో పాటు మనుషుల చేతుల మీదుగా కూడా వచ్చాయి.

ప్రయోగశాలలో పెద్దల పని ఏమిటో స్పష్టంగా చూపే ఉదాహరణ మాంచెస్టర్‌లో 1909లో జరిగింది. ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ అక్కడ ప్రొఫెసరు. ఆయన సహాయకుడు హాన్స్ గీగర్, ఇంకా డిగ్రీ కూడా పూర్తికాని ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే విద్యార్థికి ఏదైనా చిన్న పని ఇద్దామన్నప్పుడు, ఆల్ఫా కణాలు లోహపు రేకు మీద పడి పెద్ద కోణంలో వెనక్కి వస్తాయేమో చూడమని రూథర్‌ఫర్డ్ సూచించారు. వస్తాయని ఆయన అనుకోలేదు. చీకటి గదిలో కూర్చొని జింక్ సల్ఫైడ్ తెర మీద మెరుపుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన మార్స్‌డెన్‌కు, ప్లాటినం రేకు మీద పడిన సుమారు 8,000 కణాల్లో ఒకటి వెనక్కి రావడం కనిపించింది. 1911లో పరమాణు కేంద్రకం భావన ఆ లెక్క మీదే నిలబడింది. రేకు పెట్టిందీ, మెరుపులు లెక్కపెట్టిందీ రూథర్‌ఫర్డ్ కాదు. ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించడం, వచ్చిన వింత ఫలితాన్ని విద్యార్థి పొరపాటని తోసిపుచ్చకుండా దాని మీద రెండేళ్ళు ఆలోచించడం ఆయన వంతు. 273 కెల్విన్‌ల మూపురాన్ని అనుమానించే కన్నూ, వెనక్కి వచ్చిన కణాన్ని నమ్మే కన్నూ ఒకటే. ఎప్పుడు అనుమానించాలో ఎప్పుడు నమ్మాలో తెలియడానికే ఏళ్ళ అనుభవం కావాలి.

ఇక్కడి విద్యార్థులకు ఆ చూపు అలవరచడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్మీడియట్ చదువు ప్రవేశ పరీక్షల కోసం నడుస్తుంది. రెండేళ్ళపాటు విద్యార్థి ఘర్షణ లేని తలాల మీద, బరువు లేని దారాలతో, సాగని తీగలతో లెక్కలు చేస్తాడు. స్క్రూగేజి శూన్యదోషం, అంటే కొలవడానికి ఏమీ పెట్టనప్పుడు కూడా ఆ పరికరం చూపే తప్పు అంకె, అతనికి బాగా తెలుసు, కానీ తెలిసింది ప్రశ్నలో ఇచ్చిన అంకెగా మాత్రమే. ప్రయోగ పరీక్షకు భౌతికశాస్త్రంలో ఉన్న 30 మార్కులు ఎలాగూ వస్తాయన్న ధీమా చాలాచోట్ల స్థిరపడిపోయింది. ఇలా వచ్చిన విద్యార్థి ఎమ్మెస్సీ ప్రయోగశాలలో మొదటిసారి ఒక పరికరం ముందు నిలబడినప్పుడు, శూన్యదోషం ఎంతో ఎవరూ ముందుగా చెప్పని పరిస్థితి అతన్ని నిజంగా కలవరపెడుతుంది. పుస్తకంలో ఉన్న విలువ రాకపోతే రీడింగు మార్చి వ్రాసే అలవాటు ఆ క్షణంలోనే మొదలవుతుంది. దాన్ని ఆ క్షణంలోనే ఆపాలి. అందుకే అనుభవజ్ఞులైన ఆచార్యులు ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరు ప్రయోగశాలను కొత్తగా చేరిన తాత్కాలిక అధ్యాపకులకు పూర్తిగా వదిలేయడం ఈ వ్యవస్థలో జరుగుతున్న పెద్ద నష్టాల్లో ఒకటి. పీహెచ్‌డీ స్థాయిలో దిద్దలేని అలవాట్లు అక్కడ పడతాయి.

విద్యార్థికి మొదట నేర్పవలసింది దోషాల గురించి నిజాయతీగా వ్రాయడం. యాదృచ్ఛిక దోషం పదిసార్లు కొలిచి సగటు తీస్తే తగ్గుతుంది. క్రమదోషం వందసార్లు కొలిచినా తగ్గదు. కొలిమిలో ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ ఏళ్ళ వాడకం వల్ల పది డిగ్రీలు ఎక్కువ చూపుతుంటే, ఎన్నిసార్లు చూసినా అదే పది డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ద్రవీభవన స్థానం కచ్చితంగా తెలిసిన పదార్థాన్ని అదే కొలిమిలో కరిగించి చూడాలి. తగరం 231.9 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జింకు 419.5 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఈ పనికి ఒక పూట పడుతుంది, దాని నుంచి పరిశోధన పత్రం రాదు. పత్రం రాని ఆ పూటను విద్యార్థి చేత ఖర్చుపెట్టించగలిగేది, ఆ విద్యార్థి భవిష్యత్తు మీద అధికారం ఉండీ దాన్ని సరిగా వాడే పెద్దలే.

పరికరాల సంగతికి వస్తే ఆచార్యుల సమయంలో చాలా భాగం భౌతికశాస్త్రం కాని పనులకే పోతుంది. ప్రాజెక్టు నిధులు ఒకప్పుడు 2008 చట్టంతో ఏర్పడిన సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు నుంచి వచ్చేవి. 2023 చట్టంతో దాని స్థానంలోకి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. ప్రతిపాదన వ్రాయడం, కొటేషన్లు పిలవడం, ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ వినియోగ ధ్రువపత్రం పంపడం తప్పవు. పరికరం వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. కొనడానికి నిధులు దొరికినంత సులభంగా మరమ్మతుకు దొరకవు. ఎక్స్‌రే గొట్టానికి చల్లని నీరు ఆగకుండా అందాలి. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ తట్టుకోలేకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్‌ల దగ్గర మరుగుతుంది కనుక ఎంత మంచి డబ్బాలో తెచ్చినా రోజురోజుకూ ఆవిరైపోతూనే ఉంటుంది. పశుసంవర్ధక శాఖ పశువుల వీర్యాన్ని నిల్వచేసేది కూడా ఈ ద్రవంలోనే. గుంటూరు జిల్లా పల్లెల్లో ఆ డబ్బా గుర్తుపట్టే రైతులు కొందరు భౌతికశాస్త్ర విద్యార్థుల కంటే ఎక్కువసార్లు దాన్ని చూసి ఉంటారు. ఒకప్పుడు విభాగాలకు వర్క్‌షాపు, లేతు, గాజు ఊది గొట్టాలు చేసే పనివాడు ఉండేవారు. ఆ పోస్టులు ఖాళీ అయినకొద్దీ పంపు బెల్టు మార్చడం దగ్గరనుంచి అన్నీ ఆచార్యుల మీదా విద్యార్థుల మీదా పడ్డాయి.

స్థానికంగా లేని పరికరాలకు దారి చూపడం ఇంకో బాధ్యత. విశ్వవిద్యాలయాల పరిశోధకుల కోసమే 1984లో ఢిల్లీలో న్యూక్లియర్ సైన్స్ సెంటర్‌గా మొదలై, తరువాత ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌గా పేరు మార్చుకున్న సంస్థలో 15 మిలియన్ వోల్టుల పెల్లెట్రాన్ అనే కణ త్వరణ యంత్రం ఉంది. ఇందోర్‌లో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్‌రే కాంతినిచ్చే యంత్రం), ముంబయిలో 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు నుంచి వచ్చే న్యూట్రాన్ పుంజాలు విశ్వవిద్యాలయ విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయి. ప్రతిపాదనను నిపుణుల కమిటీ పరిశీలించి, యంత్రం మీద కొద్ది షిఫ్టులు మాత్రమే కేటాయిస్తుంది. ఆ కొద్ది గంటల కోసం నమూనాలు ఎన్ని సిద్ధం చేయాలి, వాటిలో పోల్చి చూడడానికి ఏది మార్చకుండా ఉంచాలి, పుంజం మధ్యలో ఆగిపోతే మిగిలిన సమయంలో ఏది వదులుకోవాలి అన్నవి గుంటూరులో రైలెక్కకముందే తేలాలి. ప్రతిపాదన తిరస్కరణకు గురైనప్పుడు కారణం చదివి, మరుసటి విడతకు ప్రశ్నను పదును పెట్టించడం కూడా పెద్దల పనే. ఇలాంటి కేంద్రాలతో పరిచయం లేని మార్గదర్శకుల దగ్గర చేరిన తెలివైన విద్యార్థి, తన గదిలో ఉన్న పరికరం కొలవగలిగిన ప్రశ్నకే పరిమితమైపోతాడు.

పూచీ అన్న మాట అత్యంత బరువెక్కేది పరిశోధన పత్రం మీద పేరు పెట్టేటప్పుడు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసిన యాన్ హెండ్రిక్ షోన్ ఉదంతాన్ని ప్రతి మార్గదర్శకుడూ వివరంగా చదవాలి. ఆయన పత్రాల్లో, చాలా తేడా ఉన్న ఉష్ణోగ్రతల్లో చేసినట్టు చెప్పిన రెండు కొలతల్లో నాయిస్ (కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే ఒడిదుడుకు) అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉందని ఇతర పరిశోధకులు గమనించారు. నాయిస్ ఎప్పుడూ రెండుసార్లు ఒకేలా రాదు. 2002లో విచారణ సంఘం 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. ముడి దత్తాంశాలు చెరిపేసి ఉన్నాయి, సరైన ప్రయోగశాల నోటు పుస్తకాలు లేవు. సహ రచయితలు మోసంలో పాలుపంచుకోలేదని చెబుతూనే, అసాధారణమైన ఫలితాలను అనుభవం ఉన్న సహ రచయిత తగినంత నిశితంగా ప్రశ్నించారా అన్న విషయాన్ని కూడా ఆ సంఘం లేవనెత్తింది. విద్యార్థి పంపిన గ్రాఫు చూసి అభినందించడంతో మార్గదర్శకుల పని పూర్తికాదు. ముడి ఫైలు తెరిచి చూడాలి, నోటు పుస్తకంలో ఆ తేదీ పుట చదవాలి, కనీసం ఒక్కసారైనా ఆ కొలత తమ కళ్ళ ముందు జరగాలి. అది చేయని చోట పత్రం చివర పెద్దల పేరు ఉండడం న్యాయం కాదు.

ఉద్దేశపూర్వకమైన మోసం అరుదు. నిజాయతీగా చేసిన పొరపాటే ఎక్కువగా ఎదురవుతుంది, దాన్ని ఎదుర్కొనే తీరు 2011లో ప్రపంచమంతా చూసింది. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో వరకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందు చేరినట్టు ఒపేరా ప్రయోగ బృందం ప్రకటించింది. నెలల తరువాత సమయ సంకేతాన్ని మోసుకొచ్చే ఆప్టికల్ ఫైబర్ కనెక్టరు సరిగా బిగించి లేదని తేలింది. బృందం పొరపాటును దాచలేదు. వెతికింది, కనుక్కుంది, తానే బయటపెట్టింది. 2012 మార్చి చివర బృంద ప్రతినిధి, భౌతికశాస్త్ర సమన్వయకర్త తమ బాధ్యతల నుంచి తప్పుకున్నారు. అంత పెద్ద ప్రయోగంలో ఒక తీగ బిగింపు ఆ కుర్చీలో ఉన్నవారి దాకా వచ్చిందంటే, నాలుగు పరికరాలున్న విభాగంలో తీగల బిగింపు ఎవరి పనో చెప్పనక్కరలేదు.

పత్రాల సంఖ్య మీద ఉన్న ఒత్తిడి ఈ పూచీని బలహీనపరుస్తోంది. పీహెచ్‌డీ సమర్పించే ముందు పత్రం ప్రచురించి తీరాలన్న నిబంధనను నిధుల సంఘం 2022లో తొలగించింది. ఆ నిర్ణయం సరైనదే, ఎందుకంటే గడువు కోసం తొందరగా వెలువడిన పత్రాల్లో 273 కెల్విన్‌ల మూపురాలు చాలా ఉంటాయి. అయితే ఉద్యోగాల ఎంపికలో, పదోన్నతుల్లో, విద్యాసంస్థల ర్యాంకుల్లో పత్రాల లెక్క అలాగే ఉంది. అందువల్ల మార్పు కాగితం మీదనుంచి ప్రయోగశాలలోకి రావడం, ఒక మంచి పత్రం కోసం మూడు సాధారణ పత్రాలు వదులుకోగల సీనియర్ల మీదనే ఆధారపడి ఉంది. పదోన్నతి కోసం ఎదురుచూస్తున్న అసిస్టెంట్ ప్రొఫెసరును ఆ త్యాగం చేయమనడం అన్యాయం. ఇక పైకి వెళ్ళవలసిన మెట్టు లేనివారికి ఆ స్వేచ్ఛ ఉంది.

పదవీ విరమణ దగ్గరికి వచ్చేసరికి సమస్య మరో రూపం తీసుకుంటుంది. 2022 నిబంధనల ప్రకారం విరమణకు మూడేళ్ళ లోపు సర్వీసు మిగిలినవారు కొత్త పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోకూడదు. అప్పటికే చేరినవారికి విరమణ వరకు మార్గదర్శకులుగా, ఆ తరువాత 70 ఏళ్ళ వయసు దాకా సహ మార్గదర్శకులుగా కొనసాగవచ్చు. విద్యార్థుల దృష్టితో చూస్తే ఇది సబబైన ఏర్పాటు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ళ తరబడి జరగకపోవడం వల్ల మాత్రం, వెళ్ళేవారికీ వచ్చేవారికీ మధ్య ఉండవలసిన తరం చాలా విభాగాల్లో లేదు. ఆ చివరి మూడేళ్ళు కొత్త విద్యార్థులు లేని ఖాళీ కాలంగా గడిచిపోతే, విరమణ జరిగిన ఏడాదికి కొలిమి మీద దుమ్ము చేరుతుంది, రెండో ఏడాదికి పరికరం పనిచేయడం లేదన్న కాగితం అతికిస్తారు. చాలాసార్లు దానికి కావలసింది ఒక ఫ్యూజు, లేదా ఆన్ చేశాక అరగంట ఆగాలన్న ఒక్క మాట.

ఆ మూడేళ్ళను అప్పగింతకు వాడుకోవడానికి కొత్త నిధులు అక్కరలేదు. ప్రతి పరికరానికీ తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక లాగ్ పుస్తకం ఉండాలి. కంపెనీ మాన్యువల్‌లో లేనివి అందులో వ్రాయాలి: రెండో కొలిమిలోని థర్మోకపుల్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ చూపుతుంది, చివరిసారి తగరంతో ఎప్పుడు సరిచూశారు, వానాకాలంలో ఇంపీడెన్స్ (ఏసీ విద్యుత్తుకు పదార్థం చూపే అడ్డు) కొలతకు ముందు గదిని ఎంతసేపు ఆరబెట్టాలి, ఏ వాల్వు ముందు మూయకపోతే పంపు నూనె వెనక్కి పీలుస్తుంది, ఏ మూసలో ఇక సీసం ఉన్న మిశ్రమం పోయకూడదు. తరువాత బాధ్యత తీసుకోబోయే సహోద్యోగి ఆ పుస్తకం ఒక్కదాన్నే ముందు పెట్టుకొని, పెద్దలు పక్కనే మౌనంగా కూర్చొని ఉండగా, మొదటినుంచి చివరిదాకా ఒక గాజు నమూనా పోయాలి. ఎక్కడ ఆగి తల ఎత్తి చూశారో అక్కడ పుస్తకంలో ఇంకో పంక్తి చేరాలి.